తరిమేసిన ఫాదర్‌ని తెచ్చుకున్న ఊరు

1974లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఒక పాత సమాధిని తవ్వారు. అందులో ఉన్నది 1891లో చనిపోయిన ఒక ఫ్రాన్సిస్కన్ ఫాదర్. పేరు లియోపోల్డ్ మోచిగెంబా. ఎనభై మూడేళ్ళ తర్వాత ఆయన అవశేషాల్ని పైకి తీసి, ఎక్కడో దక్షిణాన టెక్సస్‌లో ఉన్న పన్నా మరియా అనే చిన్న పల్లెకి తీసుకెళ్ళి, అక్కడి చర్చి పక్కన ఓక్ చెట్టు కింద మళ్ళీ పాతిపెట్టారు.

ఆ ఊళ్ళో ఆయన పనిచేసింది రెండేళ్ళు కూడా కాదు. 1856లో అక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయాడనడం మర్యాద. ఉరి తీస్తామన్నారని, ఏట్లో ముంచేస్తామన్నారని ఊరి కథలు. అన్నవాళ్ళు పరాయివాళ్ళు కాదు. ఆయన ఉత్తరాలు చదివి, ఆయన మాట నమ్మి, ఇల్లూ పొలం అమ్ముకుని సముద్రం దాటి వచ్చినవాళ్ళు. అందులో ఆయన బంధువులూ ఉన్నారు, సొంత అన్నదమ్ములూ ఉన్నారు.

వలస వెళ్ళిన ఊళ్ళన్నిటికీ ఇలా ముందుగా వెళ్ళి మిగతావాళ్ళని పిలిచిన మనిషి ఒకడుంటాడు. అతన్ని ఏం చేసుకోవాలో ఊరికి చాలాకాలం తెలియదు.

పన్నా మరియా అంటే కన్య మరియమ్మ. ఊరికి చర్చి పేరు పెట్టారో, చర్చికి ఊరి పేరు పెట్టారో అనే ప్రశ్నే రాదు. రెండూ ఒకటే. అమెరికాలో పోలిష్ వాళ్ళు కట్టుకున్న మొట్టమొదటి స్థిరమైన ఊరిగా దీన్ని లెక్కేస్తారు. (మిషిగన్‌లోని ప్యారిస్‌విల్ వాళ్ళు మాదే ముందంటారు. ఆ పంచాయితీ మనకెందుకు.) చరిత్ర పుస్తకాల్లో 'మొదటి పోలిష్ ఊరు' అని రాసేస్తారు కానీ, ఆ మాటలోనే ఒక మెలిక ఉంది. వీళ్ళు బయల్దేరిన 1854లో పోలండ్ అనే దేశం పటంలో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి దాన్ని మూడు దఫాలుగా పంచేసుకున్నాయి. 1795తో ఆఖరి ముక్క కూడా అయిపోయింది. సరే, అది చాలామందికి తెలిసిన కథే. కానీ వీళ్ళు ఆ పంచుకున్న పోలండ్ నుంచి కూడా రాలేదు. వీళ్ళది ఎగువ సైలీషియా. అది పోలిష్ రాజుల చేతిలోంచి పోయి అప్పటికే ఐదు వందల ఏళ్ళు. చెక్ రాజుల కింద, ఆస్ట్రియా కింద ఉండి, 1740లలో ప్రష్యా చేతికి వెళ్ళింది. ఊళ్ళో దొర మాట్లాడేది జర్మన్, కోర్టులో జర్మన్, సైన్యంలో జర్మన్. ఇంట్లో, పొలంలో, చర్చిలో మాత్రం పోలిష్‌కి దగ్గరగా ఉండే సైలీషియన్ యాస. మీరెవరు అని అడిగితే ఆ రైతులు ఏమని చెప్పేవారో గానీ, 'పోలిష్ వాళ్ళం' అని తడుముకోకుండా చెప్పేవారని నేననుకోను. కాథలిక్కులం అనో, ఫలానా విచారణ వాళ్ళం అనో చెప్పి ఉంటారు.

మోచిగెంబా పుట్టింది ఆ ప్రాంతంలోనే, ప్వుజ్నిత్సా వ్యెల్కా అనే ఊళ్ళో, 1824లో. (ఇంటిపేరుకి అర్థం 'నోరు తడుపుకునేవాడు'. ఇంటిపేర్ల విషయంలో మనమేం తక్కువ తిన్లేదు కాబట్టి నవ్వక్కర్లేదు.) కొత్తగా ఏర్పడ్డ గాల్వెస్టన్ మేత్రాసనానికి గురువులు కావాలని బిషప్ ఓడిన్ యూరప్‌లో వెతుకుతుంటే, 1852లో టెక్సస్ వచ్చాడు. ఆయన్ని వేసింది అక్కడి జర్మన్ వలస ఊళ్ళకి. జర్మన్లకి పూజ చేస్తూ, జర్మన్‌లో ప్రసంగం చెప్తూ, జర్మన్‌లో పాపసంకీర్తనాలు వింటూ, ఇంటికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఇక్కడ భూమి ఉంది, వచ్చేయండి అని. పరాయి భాషలో పొద్దస్తమానం బతికే మనిషి ఊరివాళ్ళని పిలవడంలో దైవచింతన ఎంతో, ఒంటరితనం ఎంతో విడదీయడం కష్టం.

ఉత్తరాలు సరైన సమయానికి చేరాయి. ప్రష్యాలో వెట్టిచాకిరీ కాగితం మీద రద్దయినా, దాని బదులు దొరకి కట్టాల్సిన డబ్బు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. ఆలుగడ్డకి తెగులు. కలరా, టైఫస్. క్రిమియా యుద్ధంతో తిండిగింజల ధరలు ఆకాశానికి. 1854 వేసవిలో ఓడర్ నదికి వరదలొచ్చి పంట కొట్టుకుపోయింది. ఆ ఏడాదే సుమారు వంద కుటుంబాలు బయల్దేరాయని చెప్తారు. రైల్లో బ్రేమెన్ దాకా, అక్కణ్ణుంచి తొమ్మిది వారాలు ఓడలో. 1854 డిసెంబర్ 3న గాల్వెస్టన్‌లో దిగారు. తీరం వెంబడి ఇండియనోలా రేవు, అక్కణ్ణుంచి లోపలికి నడక. మెక్సికన్ బండ్లు అద్దెకి తీసుకుని సామాన్లు వాటిమీద వేశారు. నాగళ్ళు, పరుపులు. మనుషులు మాత్రం నడిచారు. దారిలో కొందరు చనిపోయారు. కొందరు మధ్యలో ఊళ్ళు కనిపిస్తే అక్కడే ఆగిపోయారు.

ఆ బండ్ల గురించి ఒక మాట. ఇండియనోలా - శాన్ ఆంటోనియో దారిలో సరుకు తోలేది ఎక్కువగా మెక్సికన్ సంతతి బండివాళ్ళే. తక్కువ కిరాయికి తోలేవారు. మూడేళ్ళ తర్వాత, 1857లో, ఇదే దారి మీద ఆంగ్లో బండివాళ్ళు పోటీ తట్టుకోలేక వాళ్ళమీద పడి చంపారు. 'కార్ట్ వార్' అంటారు. ఆ దాడులు ఎక్కువగా జరిగింది పన్నా మరియా ఉన్న కార్న్స్ కౌంటీలోనే. చర్చి చరిత్రల్లో ఈ ముక్క పెద్దగా కనబడదు. వీళ్ళ నాగళ్ళు మోసిన చేతులవి.

డిసెంబర్ 21న శాన్ ఆంటోనియోలో ఫాదర్ వాళ్ళని కలిశాడు. మళ్ళీ వెనక్కి, ఆగ్నేయంగా నడిపించుకుని, శాన్ ఆంటోనియో నదీ సిబలో వాగూ కలిసేచోటికి తీసుకెళ్ళాడు. చేరేసరికి డిసెంబర్ 24. క్రిస్మస్ ముందు రాత్రి. ఇల్లు లేదు, గుడిసె లేదు. ఒక పెద్ద ఓక్ చెట్టు కింద పూజ చేశాడు. పన్నా మరియా చరిత్రంతా ఈ పూజ దగ్గరే మొదలవుతుంది. ఊరి బొమ్మల్లోనూ ఇదే సన్నివేశం. బెత్లెహేములో చోటు దొరకని కుటుంబం గుర్తొచ్చేలా ఈ తేదీ పడటం నిజంగా యాదృచ్ఛికమా, ఫాదర్ నడక లెక్కేసుకుని తెచ్చాడా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

పూజ అయ్యాక తెల్లారింది. భూమి ఎవరిదో అప్పుడు బోధపడింది.

ఫాదర్ భూమి మాట్లాడింది జాన్ టువోహిగ్ అనే శాన్ ఆంటోనియో వ్యాపారితో. ఐరిష్ కాథలిక్కు, బ్యాంకరు. చుట్టుపక్కల ధరలతో పోలిస్తే బాగా ఎక్కువకే ఈ కొత్తవాళ్ళకి అమ్మాడు. అదీ అప్పు మీద. మొదట్లో ఉండటానికి నేలలో గోతులు తవ్వుకుని పైన కొమ్మలూ గడ్డీ కప్పుకున్నారు. నడుం లోతు గడ్డి, ఆ గడ్డిలో పాములు. యూరప్‌లో వాళ్ళు చూసిన పాములు కావు. తోక చివర గిలక్కాయలాంటిది ఆడించే పాము. వాళ్ళ భాషలో దానికి పేరు లేదు. గిలగిలమనే చప్పుడుని చెప్పే తమ మాటలోంచి ఒక పేరు చేసుకున్నారు: ష్చిర్కోవా. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

చుట్టుపక్కల టెక్సన్లకి వీళ్ళు వింత. ముఖ్యంగా ఆడవాళ్ళ పావడాలు. సైలీషియా పల్లెల పావడా చీలమండకి కాస్త పైన ఆగుతుంది. టెక్సస్‌లో అది సిగ్గుమాలిన తనం. 1855లో ఫాదర్ ఇంటికి రాసిన ఒక ఉత్తరంలో, ఈసారి వచ్చేవాళ్ళు మన పల్లె బట్టలు తేవద్దు, ఇక్కడివాళ్ళు మనల్ని చూసి నవ్వుతున్నారు అని చెప్పాడు. రమ్మని పిలిచిన మనిషే ఏడాది తిరక్కుండా 'మన బట్టలు వదిలేసి రండి' అంటున్నాడు. అమెరికాకి మొదటిసారి వచ్చే అత్తగారికి ఎయిర్‌పోర్టులో ఏం కట్టుకోవాలో ఫోన్లో చెప్పే మన కోడళ్ళకీ కొడుకులకీ ఇది కొత్త కాదు.

అయినా 1855లో ఇంకా పెద్ద గుంపు వచ్చింది. చర్చి కట్టడం మొదలైంది. తమ ఇళ్ళు ఇంకా గోతుల్లో ఉండగానే రాయి మోశారు. 1856 సెప్టెంబర్ 29న రాతి చర్చి సిద్ధమైంది. అదే ఏడాది వాన ఆగిపోయింది. కరువు ఏడాదికి పైగా నడిచింది. మొక్కజొన్న ఎండిపోయింది, తిండిగింజల ధర పెరిగింది, టువోహిగ్ అప్పు అలాగే ఉంది. కోపం ఎవరిమీద చూపించాలి? మబ్బుల మీదా? బ్యాంకరు శాన్ ఆంటోనియోలో ఉంటాడు. ఎదురుగా ఉన్నది ఉత్తరాలు రాసిన మనిషి. అక్టోబర్‌కల్లా ఆయన ఊరు వదిలి, మళ్ళీ ఆ వలస ఊళ్ళ వైపే వెళ్ళిపోయాడు. చర్చి పూర్తయి నెల కూడా కాలేదు.

ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించేది వాళ్ళ కోపం కాదు. కోపం ఎంత ఉన్నా చర్చిని ఏమీ అనలేదు. ఫాదర్ వేరు, చర్చి వేరు. చర్చి కట్టింది తామే కదా. ఆ తర్వాత పదేళ్ళు నిలకడైన గురువు లేక చాలా అవస్థ పడ్డారు. కరువుకి తట్టుకోలేక ఎన్నో కుటుంబాలు మిస్సోరీకో, వేరే కౌంటీలకో వెళ్ళిపోయాయి. ఉన్నవాళ్ళు ఆదివారం వచ్చి ఆ రాతి గోడల మధ్య కూర్చున్నారు.

అంతర్యుద్ధం వీళ్ళకి అర్థంకాని తగాదా. బానిసల్ని కొనే స్తోమత లేదు, దొరల కింద బతికొచ్చినవాళ్ళకి దొరల పక్షాన పోరాడాలన్న సరదా అంతకన్నా లేదు. కానీ దక్షిణాది సైన్యం వాళ్ళ కుర్రాళ్ళని లాక్కుంది. పీటర్ కియోబాసా అని, 1855లో తల్లిదండ్రులతో వచ్చిన కుర్రాడు. దక్షిణాది గుర్రపు దళంలో ఉండగా 1863 జనవరిలో ఆర్కన్సా పోస్ట్ దగ్గర ఉత్తరాదివాళ్ళకి పట్టుబడ్డాడు. ఖైదులో ఉండేకన్నా మేలని, వెంటనే ఉత్తరాది గుర్రపు దళంలో చేరాడు. అతనితో పాటు ఇంకొందరు సైలీషియన్లూ అదే పని చేశారు. యుద్ధం తర్వాత కియోబాసా షికాగో చేరి, అక్కడి పోలిష్ వాళ్ళందరికీ పెద్దదిక్కైన సెయింట్ స్టానిస్లాస్ కోస్ట్కా చర్చి పుట్టుకలో ముఖ్యుడయ్యాడు. 1891లో నగర కోశాధికారిగా గెలిచి, అప్పటిదాకా కోశాధికారులు జేబులో వేసుకునే వడ్డీని నగరానికే తిరిగి కట్టి, 'నిజాయితీ పీట్' అనిపించుకున్నాడు. పక్షం మారినవాడని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

పన్నా మరియాకి అసలైన కష్టం యుద్ధం అయ్యాక వచ్చింది. ఆరేడు మైళ్ళ దూరంలో హెలెనా అనే ఊరు, కౌంటీకి ముఖ్యపట్టణం. తాగుడుకీ తుపాకులకీ పేరుపడ్డది. ఓడిపోయి ఇంటికొచ్చిన దక్షిణాది కుర్రాళ్ళకి ఈ యాసవాళ్ళు, ఈ కాథలిక్కులు, ఈ యూనియన్ సానుభూతిపరులు మంచి కాలక్షేపం అయ్యారు. 1866లో రెసరెక్షనిస్టు సంఘం నుంచి అడాల్ఫ్ బకనోవ్‌స్కీ అనే యువ గురువు వచ్చాడు. రష్యా మీద 1863లో పోలిష్ వాళ్ళు చేసిన తిరుగుబాటులో పాలుపంచుకున్నవాడు. కౌబాయ్‌లు గుర్రాల మీద వచ్చి చర్చి దగ్గర కాల్పులు జరపడం, పూజకొచ్చినవాళ్ళని బెదిరించడం మామూలైపోయింది. ఈ ఫాదర్ రెండో చెంప చూపించే రకం కాదు. తన దగ్గర రివాల్వర్ ఉంచుకున్నాడు, మగవాళ్ళని తుపాకులతో రమ్మన్నాడు. 1869లో ఫెడరల్ సైన్యం హెలెనాలో మకాం వేశాక గానీ ఈ గొడవ సద్దుమణగలేదు. ఈలోగా, 1868లో, ఆయన సెయింట్ జోసెఫ్ స్కూలు కట్టించాడు. అమెరికాలో పోలిష్ వాళ్ళ కోసం కట్టిన మొదటి బడుల్లో అదొకటి.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. మొదట వచ్చిన మోచిగెంబా ఊరివాడు, వాళ్ళ యాసే మాట్లాడేవాడు. బకనోవ్‌స్కీ, ఆయన తర్వాతివాళ్ళు నిజంగా పోలండ్ వాళ్ళు. పోగొట్టుకున్న దేశం కోసం పోరాడినవాళ్ళు. వాళ్ళు వచ్చాక ప్రసంగం, జపాల పుస్తకం, బడి పుస్తకం అన్నీ సాహిత్య పోలిష్‌లో. రైతులకి వాళ్ళు దేవుణ్ణే కాదు, ఒక దేశాన్ని కూడా నేర్పారు. ఆ దేశం నుంచి ఆ రైతులు ఎన్నడూ రాలేదు. సైలీషియాలో ఉండిపోయిన బంధువులు జర్మన్ బడికి వెళ్తూ మెల్లగా జర్మన్లు అవుతున్న కాలంలో, టెక్సస్ గడ్డి మైదానంలో వీళ్ళు మెల్లగా పోలిష్ వాళ్ళయ్యారు. చర్చి వాళ్ళని కలిపి ఉంచింది అంటారు. నిజమే. కానీ ఎవరిగా కలిపి ఉంచింది అనేది కూడా చర్చే తేల్చింది.

ఇంట్లో మాత్రం పాత మాటే. గ్రాంథికం, వ్యావహారికం గొడవ చూసిన మనకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. దేవుడితో ఒక భాష, గేదెతో ఒక భాష. తేడా ఏమిటంటే వీళ్ళ వ్యావహారికానికి గిడుగు రాలేదు. దాన్ని రాయాలని కూడా ఎవరికీ తోచలేదు. దానికి పేరు కూడా లేదు. 'పో నషిము' అనేవారు, అంటే 'మనలాగా'.

1875లో పిడుగుపడి చర్చి కాలిపోయింది. 1877లో ఇంకా పెద్దది కట్టారు. ఇప్పుడున్నది అదే, తర్వాత 1937లో మార్పులు చేశారు. దానికి ముందే, 1873లో, సిబలో వాగు అవతల ఉన్న కుటుంబాలు పూజకి రావడం కష్టమని విడిపోయి సొంత చర్చి కట్టుకుని, దానికి చెస్టహోవా అని పేరు పెట్టుకున్నాయి. పోలండ్‌లోని ప్రసిద్ధ పుణ్యక్షేత్రం చెంస్తొహోవాకి టెక్సస్ ఉచ్చారణ. చర్చి చీలితే ఊరు చీలింది. ఇంకో చర్చి లేస్తే ఇంకో ఊరు.

రైలు 1886లో వచ్చింది. పన్నా మరియాకి రాలేదు, హెలెనాకీ రాలేదు. తుపాకుల హెలెనా దెయ్యాల దిబ్బ అయిపోయింది. 1894లో కౌంటీ కచేరీ కూడా కార్న్స్ సిటీకి వెళ్ళిపోయింది. పన్నా మరియా చావలేదు, పెరగలేదు. ఆగిపోయింది. పెరగని ఊళ్ళో భాష మిగులుతుంది. హెలెనాలో కచేరీ పోయాక మనుషులకి ఉండటానికి కారణం లేకపోయింది. ఇక్కడ చర్చి ఉంది, శ్మశానం ఉంది, ఆదివారం ఉంది.

భాష ఎంత మిగిలిందంటే, ఇరవయ్యో శతాబ్దం చివర్లో పరిశోధకులు వచ్చి చూసేసరికి అందులో 1854 తర్వాత యూరప్‌లో వచ్చిన మార్పులు లేవు. విమానాన్ని పోలండ్‌లో 'సమోలోత్' అంటారు. ఇక్కడ 'ఫుర్గోచ్'. రెపరెపలాడేది అని దాదాపు అర్థం. ఎవరో రైతు మొదటిసారి తలెత్తి చూసి అనేసిన మాట. గిలక పాముకి పోలిష్ పుస్తకాల్లో 'గ్జెహోత్నిక్' అనే పేరుంది. ఇక్కడివాళ్ళకి ఆ పుస్తకం అందే లోపే పాము కరిచింది, కాబట్టి ష్చిర్కోవా. నా మట్టుకు ఈ మాట ఆ చర్చి గంట గోపురం కన్నా పెద్ద కట్టడం.

మరి 1960లలో ఏమైంది? రెండవ వాటికన్ మహాసభ పూజని లాటిన్ నుంచి జనం భాషలోకి మార్చుకోవడానికి దారి తెరిచింది. జనం భాష అంటే టెక్సస్‌లో ఇంగ్లీషు. ప్రసంగంలో, పాటల్లో ఎక్కువకాలం నిలిచిన పోలిష్‌కి లాటిన్ ఒక గొడుగులా ఉండేది, పూజ ఎవరి భాషా కాదు కాబట్టి. గొడుగు తీశాక ఇంగ్లీషే దిగింది. విచిత్రం చూడండి, సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరికి పేరొచ్చింది. 1966లో పోలండ్ క్రైస్తవానికి వెయ్యేళ్ళు నిండాయని, టెక్సస్‌వాడే అయిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చెంస్తొహోవా మాత మొజాయిక్ చిత్రాన్ని ఈ చర్చికి బహూకరించాడు. 1987లో పోలిష్ పోప్ రెండవ జాన్ పాల్ శాన్ ఆంటోనియో వచ్చినప్పుడు ఈ ఊరివాళ్ళని ప్రత్యేకంగా కలిశాడు. భాష పలచబడుతున్నకొద్దీ బిరుదులు చిక్కబడ్డాయి.

మోచిగెంబా తిరిగొచ్చింది ఈ రెండింటి మధ్యే. టెక్సస్ వదిలాక ఆయన జీవితం చిన్నదేం కాదు. అమెరికాలో తన ఫ్రాన్సిస్కన్ శాఖకి పెద్దయ్యాడు. డెట్రాయిట్‌లో పోలిష్ గురువుల కోసం సెమినరీ పెట్టడానికి పోప్ అనుమతి తెచ్చింది ఆయనే. అమెరికా పోలిష్ వాళ్ళకి ఆయన మూలపురుషుడు. 1974లో ఆయన్ని తెచ్చుకున్నవాళ్ళు, ఆయన్ని బెదిరించినవాళ్ళ మునిమనవలు. మోచిగెంబా అనే ఇంటిపేరు ఇప్పుడా ప్రాంతంలో ఎక్కడ చూసినా కనిపిస్తుంది, అన్నదమ్ములు ఉండిపోయారు కదా. క్షమించారా, క్షమాపణ చెప్పుకున్నారా అని విడదీసి చూస్తే నాకైతే ఏదీ కనబడలేదు. వాళ్ళు చర్చిని ఏనాడూ వదల్లేదు, అందులో ఖాళీగా ఉన్న చోటు ఒకటి పూరించుకున్నారు, అంతే.

ఆ నేల అడుగున ఉన్నదానికి కూడా తర్వాత ధర వచ్చింది. 1970ల చివర యురేనియం తవ్వకాలు, వాటి వ్యర్థాల గురించి భయాలు, ఊళ్ళో వాదనలు. 2008 తర్వాత ఈగిల్ ఫోర్డ్ చమురు. టువోహిగ్ ఎక్కువకి అంటగట్టిన పొలాల్లో కొన్ని, నూటయాభై ఏళ్ళ తర్వాత కార్న్స్ కౌంటీని కోటీశ్వర్ల జాబితాలోకి ఎక్కించాయి. చర్చి ముందు రోడ్డు మీద ట్యాంకర్లు తిరిగాయి.

ఇక అటువైపు, సైలీషియాలో, 1945 తర్వాత సరిహద్దు మళ్ళీ జరిగింది. ఈసారి ఆ ప్రాంతం పోలండ్‌లో కలిసింది. జర్మన్లని వెళ్ళగొట్టారు, మిగిలినవాళ్ళ యాసని బళ్ళో మాన్పించారు. 2024 ఏప్రిల్‌లో పోలండ్ పార్లమెంటు సైలీషియన్‌ని ప్రాంతీయ భాషగా గుర్తించే బిల్లు పాస్ చేసింది. మే నెలాఖర్లో అధ్యక్షుడు దూదా దాన్ని వీటో చేశాడు. అది భాష కాదు, పోలిష్‌లో ఒక యాస అని.

పన్నా మరియాలో చర్చికి దగ్గర్లోనే 2021లో ఒక పెద్ద వారసత్వ కేంద్రం తెరిచారు. పేరులో 'పోలిష్' అని ఉంది. ఇంట్లో ఆ మాట ఇంకా వచ్చినవాళ్ళు ఎక్కువగా పెద్దవాళ్ళే. మీరు మాట్లాడేది ఏ భాష అంటే వాళ్ళు ఇప్పటికీ చెప్పేది 'పో నషిము' అనే.